పులికి కనిపించని మనిషి

జిమ్ కార్బెట్ పేరు వినగానే చదువరుల మనస్సులో మెదిలే రూపం ఒక్కటే: భుజాన తుపాకి, ఎదుట కుమావూ కొండలు, ఎక్కడో పొదల మాటున మనిషి రక్తం మరిగిన పులి. ఆ రూపం అసత్యమైనది కాదు. కాని అది ఆయన జీవితంలో సగం మాత్రమే. ఏబది ఏళ్లు దాటిన తరువాత ఆ వేటగాని చేతికి ఒక కెమేరా వచ్చింది. అది మొదలు ఆయన పులిని చంపడానికి పడిన శ్రమకన్న, దానిని బ్రతికి ఉండగా చిత్రంలో పట్టడానికి పడిన శ్రమ ఎక్కువ. నేడు ఆయన పేరుతో వెలసిన అభయారణ్యంలో కెమేరా పట్టుకొని అడుగుపెట్టేవారికి కొన్ని నియమాలున్నవి. ఆ నియమాలను ఆయన జీవితం ప్రక్కన పెట్టి చూస్తే ఒక వింత గోచరిస్తుంది. వాటిలోని ముఖ్య ధర్మాన్ని లోకానికి ఆచరించి చూపినవాడు ఆయనే. వాటిని మీరిన వారిలో అగ్రగణ్యుడూ ఆయనే.

కార్బెట్ 1875 జూలై 25వ తేదీన నైనీతాల్‌లో జన్మించాడు. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. సంతానం ఎక్కువ, సంపాదన తక్కువ. 1881లో తండ్రి మరణించేనాటికి బాలునికి ఆరేళ్లు నిండలేదు. వేసవిలో నైనీతాల్, శీతకాలంలో కొండల పాదాన ఉన్న కాలాధుంగీ – ఇదీ ఆ కుటుంబపు సంవత్సరచక్రం. కాలాధుంగీ ఇంటి గడప దాటితే అడవి. ఆ అడవే బాలునికి బడి అయింది. ఏ జంతువు ఏ దారిన ఏ వేళకు నడిచిందో దుమ్ములోని అడుగుజాడలను బట్టి చదవడం, కొండముచ్చు కూతనుబట్టి పులి రాకను గ్రహించడం, చుక్కల దుప్పి దేనికి బెదరిందో దాని అరపులోనే తెలుసుకోవడం ఆయన అక్కడ నేర్చిన అక్షరాభ్యాసం. మొదట ఉండేలు, పిమ్మట ఒక గొట్టం చీలిపోయిన పాత తుపాకి ఆయన ఆయుధాలు. మందూ గుండ్లూ కొనే స్తోమత లేని బాలుడు గురి తప్పకుండా కాల్చడమే గాక, కాల్చనక్కర లేనప్పుడు ఊరక చూచి ఆనందించడం కూడ నేర్చుకున్నాడు. ఈ రెండవ విద్య ఆయనకు ముదిమిలో అక్కరకు వచ్చింది.

చదువు సాగించే అవకాశం లేక యౌవనారంభంలోనే ఆయన బెంగాల్ అండ్ నార్త్ వెస్టరన్ రైల్వేలో ఉద్యోగానికి కుదిరాడు. ఆ మొదటి ఉద్యోగం రైలింజన్లకు వంటచెరకు సమకూర్చడం. అంటే అడవిని ప్రాణంగా చూచుకొనేవాడు అడవిని నరికించే పనితో జీవితం ప్రారంభించాడు. తరువాత గంగాతీరాన మొకామా ఘాట్‌లో సరకులను ఒక దరినుండి మరొక దరికి చేర్చే కాంట్రాక్టు పొంది, ఇరవై ఏళ్లకు పైగా అక్కడి కూలీలతో కలిసి పనిచేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కుమావూ నుంచి 500 మంది కూలీలను కూర్చుకొని ఫ్రాన్సుకు వెళ్లివచ్చాడు.

ఈలోగా ఆయన కీర్తి కొండలలో వ్యాపించింది. 1907లో చంపావత్ ప్రాంతంలో ఒక ఆడపులి ప్రజలను హడలగొడుతున్నది. దాని కోరలకు బలి అయినవారు 436 మంది అని లెక్క. ప్రభుత్వం కార్బెట్‌ను పిలిచినప్పుడు ఆయన రెండు షరతులు పెట్టాడు. పులి తలపై ప్రకటించిన బహుమానాన్ని రద్దుచేయాలి. దాని వెంట తిరుగుతున్న ఇతర వేటగాండ్రనందరినీ వెనుకకు పిలవాలి. డబ్బు కోసం వేటాడేవాడన్న పేరు తనకు గిట్టదు. పదిమంది త్రొక్కిన అడవిలో జంతువు జాడ దొరకదు, ఎవరి గుండు ఎవరికి తగులునో తెలియదు. ప్రభుత్వం అంగీకరించిన తరువాతనే ఆయన బయలుదేరి ఆ పులిని కడతేర్చాడు. పిదప 1910లో పనార్ చిరుతను, 1926లో రుద్రప్రయాగ చిరుతను తుదముట్టించాడు. అడవిలో కాలుపెట్టేవారి సంఖ్యకు హద్దు ఉండాలనీ, లాభాపేక్ష ఉన్నచోట ఓర్పు ఉండదనీ ఆ యువకునికి కెమేరా ముట్టక ఎన్నో ఏళ్లు ముందే తెలిసింది. నేటి అభయారణ్యాలలో రోజుకు ఇన్ని వాహనాలకే ప్రవేశమని విధించే కట్టుబాటు వెనుక ఉన్నదీ ఈ వివేకమే.

ఆ దినాలలో పులి ఫోటో అంటే చచ్చిన పులి ఫోటో. నేలపై చాచిన కళేబరం, దాని తలపై బూటుకాలు మోపిన దొర, చుట్టూ చేతులు కట్టుకొని నిలుచున్న తోలరులు – రాజప్రాసాదాలలోనూ జిల్లా కలెక్టర్ల బంగళాలలోనూ గోడలకు వ్రేలాడే చిత్రాలన్నిటికీ ఇదే కూర్పు. బ్రతికిన పులిని దాని స్వస్థానంలో చూపించగల చిత్రాన్ని సాధించినవాడు సంయుక్త రాష్ట్రాల అటవీశాఖకు చెందిన ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్. పులి నడిచే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టి, ఆ తీగ కాలికి తగలగానే మెరుపుమందు భగ్గుమని కెమేరా తెరచుకొనే ఏర్పాటు చేసి, రాత్రివేళ పులి తన చిత్రాన్ని తానే తీసుకొనేలా చేశాడు. ఆ చిత్రాలు 1925లో లండన్ సచిత్ర వారపత్రికలో వెలువడినవి. 1927లో ఆయన గ్రంథం వచ్చింది. పులి ఒంటిమీది చారలు ఒకదానివలె మరొకదానికి ఉండవని, వాటినిబట్టి ఏ పులి ఏదో గుర్తించవచ్చునని ఛాంపియన్ ఆనాడే గ్రహించాడు. ఈనాడు దేశమంతటా కెమేరాలు అమర్చి పులులను లెక్కించే పద్ధతికి ఆధారం ఈ సత్యమే.

ఛాంపియన్ చిత్రాలు కార్బెట్ మనస్సును పట్టుకున్నవి. 1928లో స్ట్రాత్‌కోనా ప్రభువు ఆయనకు 16 మిల్లీమీటర్ల బెల్ అండ్ హోవెల్ చలనచిత్ర కెమేరా ఒకటి కానుకగా ఇచ్చాడు. ఆ శీతకాలం మొదలుకొని కార్బెట్ తుపాకికి బదులు కెమేరాతో అడవి పట్టాడు. ఛాంపియన్ మార్గం ఆయనకు సరిపడలేదు. చీకటిలో క్షణమాత్రపు మెరుపు ఆయనకు చాలదు. పట్టపగలు, ఎండ వెలుతురులో, తన ఇచ్చవచ్చినట్లు నడిచే పులి కావాలి. అందుకు మనిషి స్వయంగా పులికి దగ్గరగా ఉండక తప్పదు. ఉన్నట్లు పులికి తెలియరాదు.

పని తేలిక కాదని కొద్దిరోజులలోనే తెలిసింది. నూరు గజాల దూరాన ఉన్నా తుపాకికి పులి అందుతుంది. ఆనాటి చిన్న చలనచిత్ర కెమేరాకు పది ఇరవై గజాలలోపుకు రావాలి. తుపాకికి ఒక్క క్షణం చాలును; కెమేరాకు ఎన్నో క్షణాలు కావాలి, వెలుతురు కావాలి, కొమ్మా ఆకూ అడ్డం రాకూడదు. వీటన్నిటికన్న పెద్ద చిక్కు చప్పుడు. కెమేరా తిరిగేటప్పుడు పుట్టే గరగర శబ్దం మనిషి చెవికి స్వల్పమే. పులి చెవికి అది చాటింపు. మొదటి చుట్టు తిరగకముందే పులి మాయమయ్యేది. ఇట్లు పదేళ్లు గడచినవి. ఇతర జంతువుల చిత్రాలు వందలకొలది దొరికినవి. కోరిన పులి చిత్రం మాత్రం కొరతగానే ఉండిపోయింది.

కెమేరా చేతికి వచ్చిన మరునాడే ఆయన తుపాకిని అటక ఎక్కించాడని చెప్పడం మాత్రం సత్యదూరం. 1930లో ఆయన పొవాల్‌గఢ్ అడవిలో ఒక మహాకాయమైన మగపులిని చంపాడు. అది మనుష్యుల జోలికి పోయిన పులి కాదు. దాని కొలత కోసం దేశమంతటి వేటగాండ్రు ఆశపడిన పులి. 1936లో వైస్రాయిగా వచ్చిన లిన్‌లిత్‌గో ప్రభువుకు వేట ఏర్పాట్లు చేసిపెట్టినవాడు కూడ కార్బెట్టే. కాలపు అలవాటునుంచీ, తన వర్గపు మర్యాదలనుంచీ ఆయన పూర్తిగా బయటపడలేదు. అయినా ఆయన మనస్సు ఎటు మ్రొగ్గుతున్నదో స్పష్టం. వేటలో చంపిన పులి తోలు దాని యజమాని ఒక్కనికే సంతోషం కలిగిస్తుందనీ, అది కూడ క్రమంగా వన్నె తరుగుతుందనీ, మంచి చిత్రం ఎందరికో, ఎంతకాలమైనా ఆనందమిస్తుందనీ ఆయన భావించాడు. పాఠశాలలకు వెళ్లి పిల్లల ముందు అడవి సంగతులు చెప్పి, జంతువుల అరపులను అచ్చంగా అనుకరించి, రాబోయే తరం తుపాకి పట్టకుండా చూడాలని పాటుపడ్డాడు.

ఆ కాలంలోనే సంయుక్త రాష్ట్రాలలో ఒక రక్షితవనం ఏర్పడాలన్న ప్రయత్నం బలపడింది. గవర్నరు మాల్కం హేలీ, అటవీ అధికారి ఇ. ఎ. స్మిథీస్ ఆ ప్రయత్నానికి ప్రాణం పోశారు. అడవి ఆనుపానులు తెలిసిన కార్బెట్ దానికి సలహాదారుగానూ ప్రచారకుడుగానూ నిలిచాడు. 1935లో శాసనం, 1936 ఆగస్టు 8వ తేదీన వనం వచ్చినవి. రామగంగానది ప్రవహించే ఆ ప్రాంతానికి హేలీ జాతీయవనం అని పేరు పెట్టారు. భారతదేశంలో మొదటి జాతీయవనం అదే. చెట్టు కొట్టరాదు, జంతువును కాల్చరాదు అన్న నిషేధం ఒక విశాలమైన నేలకు శాశ్వతంగా వర్తించింది. చిత్రం తీసేవాని విషయంలో మాత్రం ఆ తరంవారికి అనుమానమే కలుగలేదు. కెమేరాను వారు తుపాకికి విరుగుడుగా భావించారు. విరుగుడు కూడ విషం కావచ్చునన్న ఊహ అప్పటికి పుట్టలేదు.

1930ల చివరిభాగంలో ఒక శీతకాలాన కార్బెట్ తన జీవితంలోకెల్ల సాహసమైన చిత్రప్రయత్నం చేశాడు. పులి ఉన్నచోటికి తాను పోయి లాభం లేదని పదేళ్ల అనుభవం చెప్పింది. తాను ఉన్నచోటికి పులి రావాలి. అందుకు ఆయన అడవిలో ఒక వాగును ఎన్నుకున్నాడు. ఇరవై గజాల వెడల్పున తెరపి, ఇరువైపులా దట్టమైన పొదలు, నడుమ సన్నని నీటిధార. కెమేరా చప్పుడును కప్పిపుచ్చడానికి ఆ ధారకు అక్కడక్కడ అడ్డుకట్టలు వేసి, జానెడైనా లేని చిన్న చిన్న జలపాతాలను కల్పించాడు. ఆ గలగలలో కెమేరా గరగర కలిసిపోయింది. పిదప మూడు వేర్వేరు తావులలో తిరిగే ఏడు పులులను గుర్తించి, వాటిని రోజుకు కొద్ది గజాల చొప్పున ఆ వాగువైపు రప్పించుకొంటూ వచ్చాడు. ఆ అడవిలో వేటగాండ్ర తాకిడి ఎక్కువ. వారి కంట పడకుండా పులులను దాచుకోవడం ఆయనకు మరొక పని అయింది.

ఏడింటిలో ఒక ఆడపులి వచ్చిన మరునాడే వెళ్లిపోయింది. మిగిలిన ఆరింటిలో నాలుగు మగవి, రెండు ఆడవి. ఆడవాటిలో ఒకటి తెల్లపులి. తెలతెలవారకముందే, మంచుకు తడిసి ఆకు చప్పుడు చేయని వేళలో, ఆయన ప్రాకుకుంటూ పోయి తన తావు చేరేవాడు. వెలుతురు వచ్చినకొద్దీ చిత్రం తీసేవాడు. ఆ ఏడు వానలు విపరీతం. కటకానికి చెమ్మపట్టి, వెలుతురు చాలక, తొందరలో ఫిల్ము చిక్కుపడి, వాడిన వేయి అడుగులలో నాలుగువందలు పాడైనవి. మిగిలినవి సుమారు ఆరువందల అడుగులు. పది అడుగుల దగ్గరనుంచి అరవై అడుగుల దూరంవరకు, పట్టపగటి వెలుతురులో తీసిన ఆరు పులుల సజీవ చరిత్ర అది. నాలుగున్నర మాసాలు సాగిన ఆ తపస్సులో ఒక్క పులి కూడ ఒక్కసారి కూడ ఆయనను చూడలేదు. ఆయన గర్వపడినదంతా ఈ ఒక్క సంగతికే.

ఇక్కడనే నేటి న్యాయం ఆయనకు ఎదురు నిలుస్తుంది. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం అభయారణ్యంలోనూ జాతీయవనంలోనూ చిత్రం తీయడానికి ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఇవ్వవచ్చును. 2022లో చేసిన సవరణ ఈ అనుమతికి ఒక కట్టు బిగించింది. ఛాయాచిత్రమైనా చలనచిత్రమైనా, ప్రాణుల నివాసంలో ఎట్టి మార్పూ చేయకుండా, ఆ నివాసానికి గాని ప్రాణులకు గాని కీడు కలుగకుండా తీయాలి. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చింది. అంతేకాదు, వేట అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన అర్థం చాల విశాలమైనది. చంపడమే వేట కాదు. జంతువును తరమడం, ఎరపెట్టి రప్పించడం కూడ వేటయే. పక్షిగూటిని కదిలించడం కూడ వేటయే. 2012లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ పర్యాటకులకు వెలువరించిన మార్గదర్శకాలు, వాహనం ఏ వన్యప్రాణికైనా 20 మీటర్లకు తక్కువ దూరంలో ఉండరాదనీ, ప్రాణులను చుట్టుముట్టరాదనీ, ఆశపెట్టి పిలవరాదనీ, మేత వేయరాదనీ శాసించినవి.

ఇరవై మీటర్లంటే అరవైఅయిదు అడుగులకు పైమాట. కార్బెట్ చిత్రాలలో అన్నిటికన్న దూరాన తీసినది అరవై అడుగులు. ఆయన వాగుకు అడ్డుకట్టలు వేశాడు. పులులను వాటి తావులనుంచి తప్పించి తన రంగస్థలానికి రప్పించుకున్నాడు. ఈనాడు తన పేరు పెట్టుకున్న వనంలో అదే పనికి ఆయన అనుమతి కోరితే, కాగితం తిరిగిరావడం తథ్యం.

ఇది మహనీయునికి అవమానమా? కాదనడానికి కారణాలు ఉన్నవి. వాగు ఒడ్డున పడుకున్నవాడు ఒక్కడు. నలభై ఏళ్లకు పైబడిన అడవి చదువు ఆయన వెనుక ఉన్నది. పులి ఊపిరి మారితే దాని మనస్సు మారినదని తెలుసుకొని ఆగగల సంయమం ఆయనకు ఉన్నది. అదే పనిని వేయిమంది చేయబూనితే, వారిలో ఎందరికి ఆ చదువు ఉంటుంది? ఒక్కడు వేసిన జానెడు కట్ట వరదకు కొట్టుకుపోతుంది. వేయిమంది వేసిన కట్టలు వాగునే మార్చివేస్తవి. ఒక్కని పిలుపుకు వచ్చిన పులి మరల అడవిలో కలిసిపోతుంది; దినదినమూ పిలిచేవారుంటే పులికి మనిషి వాసన అలవాటవుతుంది. మనిషంటే బెదురు పోయిన పులి ఎంతటి దుఃఖానికి కారణమో, ఆ పులికి అది ఎటువంటి చావు తెస్తుందో కార్బెట్‌కు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. చట్టం నిపుణుని కొకటి, అనామకుని కొకటి ఉండదు. మహానుభావుని నేర్పును అది కొలవలేదు. కనుక అతని చేతిని కూడ కట్టివేస్తుంది.

చట్టానికి అందని భాగం ఒకటి మిగిలే ఉన్నది. ఇరవై మీటర్ల దూరాన నిలిచి కూడ కేకలు వేయవచ్చును, వాహనాలతో దారి అడ్డగించవచ్చును. కొలబద్ద దూరాన్నే కొలుస్తుంది, మర్యాదను కొలవదు. చిత్రం తీసినవాడు ఉన్నట్లు ప్రాణికి తెలియకుండా ఉండడమే ఉత్తమమైన చిత్రానికి గుర్తు అన్న ధర్మం కార్బెట్ నాలుగున్నర నెలల మౌనంలో ఉన్నది. నివాసంలో మార్పు తేరాదు, ప్రాణికి కీడు చేయరాదు అన్న నేటి శాసనం ఆ ధర్మాన్నే మరొక అడుగు ముందుకు తీసుకుపోయింది.

1938లో ఠాక్ గ్రామంలో నరభక్షకిని చంపడంతో ఆయన పెద్ద వేటలు ముగిసినవి. రెండవ ప్రపంచయుద్ధంలో సైనికులకు అడవియుద్ధపు మెలకువలు నేర్పి, లెఫ్టినెంట్ కర్నల్ హోదా పొందాడు. జబ్బుపడి కోలుకొంటూ వ్రాసిన కుమావూ నరభక్షకుల గ్రంథం 1944లో వెలువడి దేశదేశాలలో వ్యాపించింది. ఆ గ్రంథం చివరి అధ్యాయం నరభక్షకులను గురించి కాదు, పులులను చిత్రించడాన్ని గురించి. రక్తపు కథలకోసం పుస్తకం తెరచిన పాఠకుని చేతిలో కడపట కెమేరా పెట్టి పంపడం ఆయన ఉద్దేశం. 1948లో ఆ పేరుతోనే హాలీవుడ్ ఒక చలనచిత్రం తీసింది. సాబూ అందులో నటించాడు. దానికీ గ్రంథానికీ పేరు కలిసినంతగా కథ కలియలేదు. ఆ చిత్రం లోకమంతా ఆడింది. తన ఆరువందల అడుగుల ఫిల్మును మాత్రం కార్బెట్ మిత్రులకూ విద్యార్థులకూ చూపించి తృప్తిపడ్డాడు.

1947 చివర ఆయన అక్క మాగీతో కలిసి భారతదేశం విడిచి కెన్యా చేరాడు. న్యేరీలో ఒక చిన్న కుటీరం వారి నివాసం. దానికి సమీపాన ఏనుగులు ఉప్పునేల నాకడానికి వచ్చే కొలను ప్రక్క, ఒక మహావృక్షం కొమ్మలపై కట్టిన ట్రీటాప్స్ అనే చెట్టుయిల్లు ఉండేది. 1952 ఫిబ్రవరి 5వ తేదీన ఎలిజబెత్ రాకుమార్తె అక్కడికి వచ్చినప్పుడు, డెబ్బదిఆరేళ్ల కార్బెట్ ఆ రాత్రి ఆమె బృందానికి రక్షకుడుగా ఉన్నాడు. ఆమె మేడపైనుంచి తన చలనచిత్ర కెమేరాతో ఏనుగులను చిత్రించింది. చూచేవారు పైన, మౌనంగా. ప్రాణులు క్రింద, స్వేచ్ఛగా. తెల్లవారేసరికి తండ్రి మరణించి ఆమె రాణి అయింది. ఆ రాత్రిని గురించిన చిన్న పుస్తకం ముగించిన కొద్దికాలానికే, 1955 ఏప్రిల్ 19వ తేదీన, కార్బెట్ న్యేరీలో కన్నుమూశాడు.

ఆయన మరణానంతరం, అప్పటికి రామగంగా వనంగా పేరు మారిన ఆ మొదటి జాతీయవనానికి భారతప్రభుత్వం ఆయన పేరు పెట్టింది. 1973 ఏప్రిల్ 1వ తేదీన పులుల సంరక్షణ పథకం ఆ వనంలోని ఢికాలాలోనే ఆరంభమైంది. ఆ పథకపు నీడ 1983లో మన నల్లమల అడవులకూ ప్రాకింది. ఢికాలా గడ్డిమైదానాలలోనైనా, శ్రీశైలం కనుమలలోనైనా, కెమేరా ఎత్తేవానికి చట్టం ఒక్కటే. వాహనం దిగకుండా, కేక వేయకుండా, పులి తన దారిన తాను నడచిపోయేవరకు ఊపిరి బిగబట్టి కూర్చున్న యాత్రికునికి ఒకవేళ మంచి చిత్రం దొరకకపోవచ్చును. వాగు ఒడ్డు చేరకముందు పదేళ్లు కార్బెట్‌కూ దొరకలేదు.